వార్డు సభలో తెలుగువారి చోటు

సభాధ్యక్షులకు, పెద్దలకు, సోదరీ సోదరులకు నమస్కారం.

ఒకప్పటి మద్రాసు, నేటి చెన్నై అయిన ఈ నగరం ఎవరిదన్న ప్రశ్నకు మన పెద్దలు ప్రాణాలే ఒడ్డారు. మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కోసం మైలాపూరులో నిరాహార దీక్ష చేసిన పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఏర్పడిన రాష్ట్రంలో మద్రాసు లేదు. ఆ వాదాన్ని తిరగదోడడం నా ఉద్దేశం కాదు. రాష్ట్రాల సరిహద్దును భాషను బట్టి గీశారు, దానివల్ల మేలే జరిగింది. కానీ తమిళం, తెలుగు, ఉర్దూ, మార్వాడీ మాట్లాడే ఇళ్లు ఒకే వీధిలో ఆనుకొని ఉన్న మహానగరంలో, జనాన్ని కలిపే కట్టు వారు ఉమ్మడిగా వాడుకునే నేల నుంచీ నీటి నుంచీ రావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నీటి సంగతే చూడండి. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాల నుంచి తలా 5 టీఎంసీలు ఈ నగరం దాహం తీర్చడానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్న 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది, 1996లో కృష్ణా జలాలు కండలేరు మీదుగా పూండి జలాశయానికి చేరాయి. అయినా 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే జలాశయాలు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలులో నీళ్లు తేవలసి వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2015 డిసెంబరులో, అడయారు నది పొంగి ఇళ్లను ముంచింది. కరువైనా వరదైనా మన కష్టానికి హద్దు గీసేది చెరువు, వాగు, మురుగుకాలువ. ఒకే కాలువ గట్టున ఉన్నవారంతా, ఏ భాష మాట్లాడినా, ఒకే ఊరివారు.

ఆ ఊరికి ఒక వేదిక కావాలి. 2011లో 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగిన చెన్నై కార్పొరేషన్‌కు 2016 నుంచి 2022 వరకు ఎన్నికైన పాలకమండలే లేదు. 2022లో 200 వార్డులకు ఎన్నికలు జరిగాయి, అదే ఏడాది వార్డు కమిటీలకు, వార్డులోని ఒక్కో ప్రాంతవాసులు కూడే ఏరియా సభలకు ప్రభుత్వం నియమాలు తెచ్చింది. కాలువ పూడిక, వీధిదీపం, చెత్త గురించి ఇరుగుపొరుగులు కలిసి అడగగలిగే చోటు ఇదే.

ఓటు ఇంకా సొంత ఊళ్లోనే ఉన్న కూలీ మాటేమిటి? 2014 జూన్‌లో చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న భవనం కూలి 61 మంది మరణించారు, వారిలో అనేకులు ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు. ఈ నగరాన్ని కట్టేవారిని ఈ నగరవాసులుగా లెక్కించని అస్తిత్వాన్ని ఉమ్మడి అస్తిత్వమని నేను అనలేను.

ఇలా ఊరివారం కావడానికి తెలుగును వదులుకోవలసిన పని లేదు. తెలుగు ఇంట పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ అన్నం ఒక్క భాషవారి పిల్లల కోసం వండినది కాదు. టి.నగర్‌కు, అంటే త్యాగరాయ నగర్‌కు, ఆయన పేరే పెట్టారు.

అందుకే మన తెలుగు సంఘాలను రెండు పనులు కోరుతున్నాను. ఉగాది వేడుకలు, అవధానాలు యథావిధిగా జరుపుకుంటూనే, ప్రతి వార్డు నుంచి తమిళం ధారాళంగా మాట్లాడగల ఇద్దరు సభ్యులు ఏరియా సభలకు తప్పక వెళ్లేలా చూడండి. అక్కడి నిర్ణయాలను తెలుగులోనే కాక ఒడియా, హిందీ భాషల్లో కూడా రాయించి, భవన నిర్మాణ కూలీల బసలకు చేర్చి, వారు చెప్పే కష్టాలను మళ్లీ అదే సభ ముందు పెట్టండి.