ఆరు యువాన్ల పంక్చరు

అందరికీ నమస్కారం. గ్రంథాలయంలో నెలకొకరు మాట్లాడాలన్న నియమం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈసారి తప్పించుకునే దారి లేకపోయింది. నాకు తెలిసింది హార్డ్‌వేర్ వ్యాపారం. బోల్టుల గురించి గంటసేపు చెబితే మీలో సగంమంది లేచిపోతారు. అందుకని చైనాలో సైకిలు తొక్కిన ఒక రోజు గురించి చెబుతాను.

2018 అక్టోబరులో గ్వాంగ్‌జౌ వెళ్లాను, కాంటన్ ఫెయిర్‌కి. 1957 నుంచి ఏడాదికి రెండుసార్లు జరిగే పెద్ద వ్యాపార సంత అది. హాళ్లలో తిరిగి తిరిగి కాళ్లు వాచాక చేతిలో రెండు రోజులు మిగిలాయి. తోటి వ్యాపారులు షాపింగుకి పోతే నేను యాంగ్‌షువో రైలెక్కాను. ఆ హైస్పీడ్ లైను 2014 డిసెంబరులో వచ్చిందట, ప్రయాణం సుమారు రెండున్నర గంటలు.

యాంగ్‌షువో కొండల్ని ఫోటోల్లో చూసే ఉంటారు. మన కొండల్లా ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని ఉండవు. చదునైన వరిపొలాల మధ్య ఎక్కడికక్కడ నిట్టనిలువుగా లేచి నిలబడతాయి. అంతా సున్నపురాయి. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నది పైకి లేస్తే, కోట్ల ఏళ్లుగా వాననీరు దాన్ని కరిగించుకుంటూ పోయింది. కరగగా మిగిలినవే ఈ కొండలు.

సైకిలు అద్దె రోజుకి 20 యువాన్లు, డిపాజిట్ వేరే. అప్పట్లో యువాన్ అంటే మన పది రూపాయల పైమాట. 20 యువాన్ల నోటు వెనక బొమ్మ కూడా ఆ ప్రాంతానిదే, షింగ్‌పింగ్ దగ్గర లీ నది. కొండల బొమ్మ షాపతని చేతిలో పెట్టి అసలు కొండల్లోకి బయల్దేరాను.

ముందు టిఫిను. అక్కడ పొద్దున్నే తినేది మీఫెన్, అంటే బియ్యప్పిండి సేమ్యాలాంటిది, కాకపోతే లావుగా ఉంటుంది. దాని మీద గరిటెడు మసాలా రసం, వేయించిన వేరుశనగలు, ఊరబెట్టిన బొబ్బరకాయల ముక్కలు. ముప్పావు వంతు తిన్నాక గిన్నెలో వేడి చారు పోసుకుని మిగతాది తాగేస్తారు. మన పులుపు కాదు గానీ, నాలుక్కి కొత్తగా ఏమీ అనిపించలేదు.

దారి యూలాంగ్ నది పక్కనే. చిన్న నది, నీళ్లు పచ్చగా, నిదానంగా పోతుంటాయి. అడుగడుక్కీ అడ్డంగా చిన్న రాతికట్టలు. టూరిస్టుల్ని ఎక్కించుకున్న వెదురు తెప్పలు వాటి మీంచి ధబాలున జారుతుంటే కేకలు పొలాల దాకా వినిపిస్తాయి. సైకిళ్ల మీద ఉన్నదంతా మాలాంటి పరాయివాళ్లే, ఊళ్లోవాళ్లందరికీ ఎలక్ట్రిక్ స్కూటర్లు. ఒకప్పుడు చైనాలో సైకిలు, చేతిగడియారం, కుట్టుమిషను, రేడియో ఉంటే గొప్ప ఇల్లు కింద లెక్క. డబ్బున్నా కూపను లేకపోతే సైకిలు దొరికేది కాదు. ఇప్పుడా సైకిలు సరదాకి అద్దెకి తీసుకునే వస్తువైపోయింది. స్కూటర్లకి చప్పుడుండదు, వెనక నుంచి హారన్ మోగేదాకా తెలీదు. రెండుసార్లు గుండె జారిపోయింది.

ఫోన్‌లో మ్యాపు చూస్తే నీలం చుక్క నన్ను నది మధ్యలో చూపిస్తోంది. చైనాలో మ్యాపులకి ప్రభుత్వం వేరే లెక్క వాడిస్తుంది, అందుకని బయటి మ్యాపుల్లో వందల మీటర్లు తేడా వస్తుంది. ఫోన్ జేబులో పెట్టేసి నదిని పట్టుకుని పోయాను. ఎగువన యూలాంగ్ వంతెన ఉంది. ఒకే కమాను, మొత్తం రాయి, 1412లో కట్టారు. మన లెక్కలో చెప్పాలంటే కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి ఏలుతున్న రోజులు. యూలాంగ్ అంటే డ్రాగన్ ఎదురుపడటం అట. నాకు ఎదురుపడింది పెళ్లి ఫోటోలు తీయించుకుంటున్న ఒక జంట.

నేను చెప్పాలనుకున్నది తిరుగు ప్రయాణం సంగతి. ఒక పల్లె దగ్గర సిమెంటు రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. అక్కడ ఏటా రెండు పంటలు, జులై చివర మొదటిది కోస్తూనే రెండోది నాటేస్తారు. ఆ హడావుడికి వాళ్ల భాషలో పేరే ఉంది, శ్వాంగ్‌చ్యాంగ్ అని, జంట పరుగు అన్నమాట. నేను చూసింది రెండో పంట. ఒక ముసలావిడ చెక్క పారతో ధాన్యాన్ని తిరగేస్తోంది, అంచుల్లో బండ్లు ఎక్కకుండా రాళ్లు పెట్టి ఉన్నాయి. అచ్చం మా కోనసీమ రోడ్డే. చిన్నప్పుడు ధాన్యం మీద సైకిలు ఎక్కిస్తే నాన్న వీపు విమానం మోత మోగించేవాడు. అవతలి సగంలో ఒక ట్రక్కు తెప్పల్ని ఎగువకి మోసుకెళ్తూ వస్తోంది. నేను ధాన్యం తొక్కకుండా దిగి, పక్కనున్న పంపరపనస తోట అంచున నడిపించుకుంటూ పోయాను. అక్కడ కొట్టి పడేసిన కొమ్మలున్నాయి. రోడ్డెక్కేసరికి వెనక టైరు చప్పగా పడుకుంది. ముల్లు.

ముసలావిడ పార పక్కన పెట్టి వచ్చింది. టైరు నొక్కి చూసి, లోపలికి కేకేసింది. ఒకాయన బేసిను నిండా నీళ్లు, ఉప్పుకాగితం, సొల్యూషన్ ట్యూబు పట్టుకొచ్చాడు. ట్యూబు నీళ్లలో ముంచి బుడగ చూసి, రుద్ది, ప్యాచీ వేసి, గాలి కొట్టాడు. నోట మాట లేదు, మా సందు చివర సైకిలు షాపులో చేసినట్టే చేశాడు.

ఎంత అని చేత్తో అడిగాను. ఆవిడ బొటనవేలు, చిటికెన వేలు చాపి, మిగతా మూడూ ముడిచి చూపించింది. ఫోన్ చేసుకోవాలేమో అనుకుని నా ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఫోన్ని, నన్ను మార్చి మార్చి చూసి, పగలబడి నవ్వింది. ఏడెనిమిదేళ్ల పిల్ల పరిగెత్తుకొచ్చి, దుమ్ములో వేలితో 6 అని రాసింది. చైనాలో పది దాకా ఒక్క చేత్తోనే చూపిస్తారని నాకప్పుడే తెలిసింది. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది, చూపుడువేలు కొక్కెంలా వంచితే తొమ్మిది. ఆ పిల్ల నాచేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది. నన్ను "షూషూ" అని పిలిచింది. అంటే బాబాయ్. ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా వరస పెట్టి పిలుస్తారు వాళ్లు.

క్యూఆర్ కోడు అట్ట చూపించారు గానీ నా దగ్గర ఉన్నది నోట్లే. చిల్లర సరిపోయింది. వెళ్లబోతుంటే ముసలావిడ ఒక పంపరపనస తెచ్చి హ్యాండిల్‌కి సంచిలో తగిలించింది. నన్ను గుచ్చింది ఈ చెట్టే అని చెప్పాలనిపించింది గానీ అంత చైనీస్ నాకెక్కడిది? కిలో పైన ఉంటుంది. ఊరు చేరేదాకా ప్రతి గతుక్కీ ఆ సంచి మోకాలికి కొట్టుకుంటూనే ఉంది.

సైకిలు షాపతను వెనక టైరు తడిమి, ముల్లు గుచ్చుకున్న చోట ఆగాడు. నా వైపు చూసి, కనుబొమ్మలెత్తి, బొటనవేలు, చిటికెన వేలు చాపాడు. ఔనని తలూపాను. డిపాజిట్‌తో పాటు ఇంకో ఆరు యువాన్లు లెక్కపెట్టి ఇచ్చాడు.