చెక్క ఏదైనా చేపకు ఒకటేనా?

(చేపల రైతుల ఫోన్-ఇన్ కార్యక్రమం మాటల ప్రతి)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ చేపల మేతలో వాడే చెక్కలు (గింజల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పి), సోయా, తవుడు గురించి మాట్లాడుకుందాం. చేపల పోషణ మీద పనిచేసే శాస్త్రవేత్త మనతో ఉన్నారు. లైన్లో ఇప్పటికే కాల్స్ ఉన్నాయి. హలో, ఎక్కడి నుంచండి?

కైకలూరు రైతు: కైకలూరు దగ్గర నుంచండి. ఏడెకరాల చెరువు. శీలావతి చేప ఎక్కువ, బొచ్చె చేప కొంచెం. 80 కిలోల డీఓబీకి, అంటే నూనె తీసిన తవుడుకి, 20 కిలోల వేరుశనగ చెక్క కలిపి, చిల్లుల సంచుల్లో నింపి చెరువులో కడతామండి. చెక్క రేటు తట్టుకోలేకపోతున్నాం. పక్క చెరువాయన మొత్తం పత్తి చెక్కకు మారిపోయాడు. నన్నూ మారమంటున్నాడు.

శాస్త్రవేత్త: ఆయన తెచ్చింది పొట్టు తీసి ఆడించిన చెక్కా, పొట్టుతో ఆడించిందా?

కైకలూరు రైతు: అది అడగలేదండి. నల్లగా, పీచుపీచుగా ఉంది.

శాస్త్రవేత్త: అయితే పొట్టుతో ఉన్నదే అయ్యుంటుంది. దాంట్లో ప్రోటీన్ సుమారు 22 శాతమే. పొట్టు తీసిందైతే 38 దాకా ఉంటుంది. మంచి వేరుశనగ చెక్కలో 42. ఒక్క నిమిషం లెక్క వేద్దాం, కాగితం ఉందా దగ్గర?

కైకలూరు రైతు: చెప్పండి, రాసుకుంటున్నా.

శాస్త్రవేత్త: వేరుశనగ చెక్క కిలో 50 రూపాయలు అనుకోండి. 42 శాతం ప్రోటీన్ కాబట్టి కిలో ప్రోటీన్ మీకు 119 రూపాయలకు పడుతుంది. పొట్టు పత్తి చెక్క కిలో 30 రూపాయలే అనుకోండి. 22 శాతమే కాబట్టి కిలో ప్రోటీన్ 136 రూపాయలు. బస్తా చవకే, లోపలి సరుకు మాత్రం ఖరీదు. రేట్లు ఊహించి చెప్పాను, మీ మిల్లు రేటు వేసుకుని ఇదే లెక్క చేసుకోండి. చాలామంది రైతులు బస్తా ధర చూసి మోసపోవడం నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నా.

కైకలూరు రైతు: అంటే పత్తి చెక్క అసలు వద్దంటారా?

శాస్త్రవేత్త: పొట్టు తీసినదైతే సగం మార్చండి. డీఓబీ 80, వేరుశనగ 10, పత్తి 10. మీ పాత మేతలో ప్రోటీన్ 20 శాతం చిల్లర ఉంటే, దీంట్లోనూ 20 వస్తుంది. అదే మొత్తం పొట్టు పత్తి చెక్కకు మారితే 16కి పడిపోతుంది. ఇంకోటి, పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువైతే చేప ఎదుగుదలనూ, గుడ్డునూ దెబ్బతీస్తుంది. అందుకని పదోవంతు దగ్గర ఆగమంటున్నా. తల్లి చేపలున్న చెరువుకైతే అసలు వేయొద్దు.

కైకలూరు రైతు: మరి సోయా సంగతి?

శాస్త్రవేత్త: నూనె తీసిన సోయాలో 45 శాతం ఉంటుంది. 82 కిలోల డీఓబీకి 18 కిలోల సోయా కలిపితే మీ పాత మేతకు దాదాపు సమానం. అంటే 20 కిలోల వేరుశనగ చెక్క చేసే పని 18 కిలోల సోయాతో అయిపోతుంది. అయితే ఏ ఒక్కదాన్నీ నమ్ముకోవద్దు. ప్రోటీన్ అనేది ఒక్క సరుకు కాదు, లోపల రకరకాల అమైనో ఆమ్లాలుంటాయి. వేరుశనగలో లైసిన్, మెథియోనిన్ అనే ఆమ్లాలు రెండూ తక్కువ. పత్తిలో లైసిన్ తక్కువ. సోయాలో లైసిన్ బాగుంటుంది కానీ మెథియోనిన్ తక్కువ. ఇంట్లో ఆవకాయ పెట్టేటప్పుడు ముక్కలు బస్తాడు ఉండి కారం తవ్వెడే ఉంటే, ఆ తవ్వెడు కారానికి సరిపడా ముక్కలకే ఆవకాయ అవుతుంది, మిగతా ముక్కలు పాడే కదా. చేప ఒంట్లోనూ అంతే. తక్కువైన ఒక్క ఆమ్లం ఎంతుంటే అంతవరకే కండ పడుతుంది. మిగిలిన ప్రోటీన్ అమ్మోనియాగా మీ చెరువు నీళ్లలోకే వస్తుంది. సోయా, వేరుశనగ కలిపితే వేరుశనగకు తక్కువైన లైసిన్‌ను సోయా కొంత పూడుస్తుంది.

కైకలూరు రైతు: మినరల్ మిక్చర్ కూడా కలపమంటున్నారండి. దండగ ఖర్చేమో అని మానేశా.

శాస్త్రవేత్త: మానొద్దండి. తవుడులో, చెక్కల్లో భాస్వరం ఉంటుంది, కానీ అందులో ఎక్కువ భాగం ఫైటిక్ ఆమ్లంతో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విప్పే ఫైటేజ్ అనే ఎంజైమ్ చేపకు లేదు, కాబట్టి ఆ భాస్వరం దానికి అందదు. కాబట్టి ఆ భాస్వరం దానికి అందదు. నీళ్లలో తేలిగ్గా కరిగే మోనో కాల్షియం ఫాస్ఫేట్ ఉన్న మిక్చర్ చూసి తీసుకోండి. జీర్ణాశయం లేదు కాబట్టే ఒక్కసారి మింగి దాచుకోలేదు, కొంచెం కొంచెంగా తింటూ ఉంటుంది. మీ సంచి పద్ధతి దానికి బాగా సరిపోతుంది. పొద్దున్న కట్టిన సంచిలో మధ్యాహ్నానికి కూడా మేత మిగిలితే మర్నాడు తగ్గించండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్, నిర్మల్ నుంచి.

నిర్మల్ రైతు: నమస్తే సార్. మా దగ్గర సోయా పండిస్తాం. ఊరి చెరువులో సొసైటీ తరఫున చేపలు వేశాం. అమ్మగా మిగిలిన సోయా గింజల్ని పిండి పట్టించి వేద్దామని అనుకుంటున్నాం.

శాస్త్రవేత్త: పచ్చి గింజల పిండి వేయకండి. పచ్చి సోయాలో, ప్రోటీన్‌ను అరిగించే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది. చేప తిన్న ప్రోటీన్ అరగకుండానే బయటికి పోతుంది. మిల్లులో నూనె తీశాక ఆవిరితో వేడి చేస్తారు కాబట్టి ఆ సోయాతో ఇబ్బంది ఉండదు. మీరు గింజలే వాడాలనుకుంటే మెత్తగా ఉడికించి, ఆరబెట్టి, అప్పుడు పిండి పట్టించండి. మాడేదాకా వేయిస్తే లైసిన్ పాడవుతుంది, అదీ వద్దు.

నిర్మల్ రైతు: నీళ్ల మీద తేలే మొక్క, అజొల్లా కూడా పెంచుతున్నాం సార్.

శాస్త్రవేత్త: వేయండి, మంచిదే. కానీ 100 కిలోల పచ్చి అజొల్లాలో 93 కిలోలకు పైగా నీళ్లే. ఎండిన సరుకు ఏడు కిలోలు కూడా ఉండదు, అందులో ప్రోటీన్ కిలోన్నర లోపే. చెక్కకు బదులు కాదు, పక్కన నంజుకునేదిగా అనుకోండి.

వ్యాఖ్యాత: భీమవరం నుంచి ఇంకొకరు.

భీమవరం రైతు: సార్, పంగస్ చేప వేశాం. తేలే మేత కొంటున్నాం. చేపపొడి లేని మేత అంటే పనికిరానిదని ఇక్కడ ఒక మాట ఉంది.

శాస్త్రవేత్త: అది పాత నమ్మకం. చేపకు కావాల్సింది అమైనో ఆమ్లాలు, అవి చేపపొడి నుంచే రావాలని లేదు. నార్వేలో సాల్మన్‌ను చూడండి. అది వేటాడి తినే చేప. దాని మేతలో 1990లో దాదాపు 90 శాతం సముద్రపు సరుకే ఉండేది. 2013 నాటికి అది 30 శాతం దగ్గరికి తగ్గింది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం సోయా, గోధుమ గ్లూటెన్, మొక్కల నూనెలు. పంగస్ ఆకూ అలమూ కూడా తినే చేప, దానికి ఇంకా సులువు. మేత బస్తా మీద ప్రోటీన్, కొవ్వు, పీచు శాతాలు, తయారీ తేదీ చూసుకోండి. పీచు ఎక్కువుంటే తవుడో పొట్టో దట్టించి ఉండొచ్చు.

వ్యాఖ్యాత: ఆకివీడు నుంచి ఒకమ్మ చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఆకివీడు రైతు: బాబూ, నాకు రెండెకరాల చెరువు. మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నా. వేసవిలో చవగ్గా వస్తోందని ఒకాయన దగ్గర 30 బస్తాల వేరుశనగ చెక్క కొని గట్టు మీద షెడ్డులో వేశా. వానలకి అడుగు బస్తాలు చెమ్మ లాగేశాయి. పగలగొడితే లోపల పచ్చపచ్చగా బూజు. చేప మేత సరిగా తినట్లేదు, ఎదగట్లేదు. ఆ చెక్కని ఉడకబెట్టి వేస్తే సరిపోద్దా?

శాస్త్రవేత్త: వద్దమ్మా. ఉడకబెట్టినా పోదు, ఎండబెట్టినా పోదు. బూజు చస్తుంది కానీ అది వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం అలాగే ఉంటుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏమిటని వెతికితే వాటి దాణాలో ఉన్న వేరుశనగ చెక్కకి బూజు పట్టింది. ఈ విషం సంగతి అలా బయటపడింది. చేపకు ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వెంటనే చావదు, అందుకే తెలియదు. మెల్లగా మేత తగ్గిస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది, ఏ చిన్న జబ్బు వచ్చినా తట్టుకోలేదు. ఒకట్రెండు చేపల్ని కోసి కాలేయం చూడండి. పాలిపోయి ఉంటే మేత మీద అనుమానం పెంచుకోవాలి. నీళ్లలో ఆక్సిజన్, అమ్మోనియా కూడా పరీక్ష చేయించండి, మేత మానడానికి అవీ కారణం కావచ్చు.

ఆకివీడు రైతు: 12 బస్తాలు పోతాయి బాబూ. చాలా డబ్బు అది. పోనీ మా గేదెలకి పెట్టేస్తా.

శాస్త్రవేత్త: అమ్మా, ఆ పని అస్సలు చేయకండి. గేదె తింటే ఆ విషం రూపం మారి పాలలోకి వస్తుంది. ఆ పాలు ఇంట్లో ఎవరు తాగుతారు?

ఆకివీడు రైతు: మనవడు తాగుతాడు... ఇంకెవరు.

శాస్త్రవేత్త: అందుకే అంత గట్టిగా చెబుతున్నా. మీ డబ్బు విలువ నాకు తెలుసమ్మా. కానీ ఆ బస్తాలు ఇక ఎవరి నోటికీ వెళ్లకూడదు. కోళ్లకు, కుక్కలకు కూడా. చెరువుకు, బోరుకు దూరంగా లోతుగా గుంట తీసి పూడ్చేయండి. బూజు ఎగురుతుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

ఆకివీడు రైతు: మిగతా బస్తాలు పైకి బాగానే ఉన్నాయి. వాటిని వాడుకోనా?

శాస్త్రవేత్త: పైకి బూజు కనిపించకపోయినా లోపల విషం ఉండొచ్చు. వాటి నుంచి నమూనా తీసి ల్యాబ్‌లో అఫ్లాటాక్సిన్ పరీక్ష చేయించాకే వాడండి. ఎక్కడ చేస్తారో మీ మత్స్యశాఖ వాళ్లను అడగండి. అప్పటిదాకా ఆపండి. పరీక్ష ఫలితం వచ్చేదాకా కొత్త డీఓబీ, కొంచెం సోయా కలిపి తక్కువగా వేయండి. ఇక ముందు వానాకాలంలో రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనండి. కింద కొయ్య పలకలు పరిచి, గోడకు అడుగు దూరంగా బస్తాలు పేర్చండి.

ఆకివీడు రైతు: సరే బాబూ. కుర్రాళ్లను పిలిచి ఇవాళే గుంట తీయిస్తా. ఆ నమూనా ఎంత తీయాలి, ఒక్క బస్తాలోంచి చాలా?

శాస్త్రవేత్త: ఒక్క బస్తా చాలదమ్మా. బూజు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవచ్చు. ప్రతి బస్తాలోంచి గుప్పెడు, పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి తీసి అన్నీ బాగా కలిపి, అందులోంచి కిలో పంపండి.