తూము మూస్తే చెరువు నిండుతుంది: పీ53 కథ

నమస్కారం. ఎదురుగా డిగ్రీ పిల్లలే ఎక్కువ కనిపిస్తున్నారు, అందుకని ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. డీఎన్ఏ దెబ్బతింటే కణ విభజనను ఆపేది, బాగుచేయడం కుదరదనుకుంటే ఆ కణాన్నే చంపేది పీ53 అనే ప్రోటీన్. ఇంత అవసరమైనదాన్ని ఆరోగ్యంగా ఉన్న కణం తయారుచేసీ చేయగానే పారేస్తుంది. ఉన్నదాంట్లో సగం మాయం కావడానికి సుమారు 20 నిమిషాలు చాలు. ఇంత దండగ ఎందుకు?

చెరువును ఊహించుకోండి. వాగు ఎప్పుడూ పారుతూనే ఉంది, తూము ఎప్పుడూ తెరిచే ఉంది. నీళ్లు కావాలంటే వానకోసం చూడక్కర్లేదు, తూము మూస్తే చాలు. ఆ తూము ఎమ్‌డీఎమ్2 అనే ఎంజైమ్. అది పీ53ని పట్టుకుని దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్లను గొలుసుగా తగిలిస్తుంది. ఆ గుర్తు పడినవాటిని ప్రోటియాజోమ్ అనే కణంలోని యంత్రం ముక్కలు చేస్తుంది. ఈ యుబిక్విటిన్ పద్ధతిని కనిపెట్టినందుకే 2004లో ముగ్గురికి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

డీఎన్ఏ తెగితే ఏటీఎమ్ అనే ఎంజైమ్, బ్యాంకుది కాదులెండి, పీ53 మీదా ఎమ్‌డీఎమ్2 మీదా ఫాస్ఫేట్లు పెడుతుంది. పీ53 మీద ఎమ్‌డీఎమ్2 పట్టు సడలుతుంది, పీ53 పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, ఎమ్‌డీఎమ్2 జన్యువును పనిచేయించేది కూడా పీ53యే! తనను తుడిచిపెట్టేదాన్ని తనే పుట్టిస్తుంది. అలా కాకపోతే ఏమవుతుందో 1995లో ఎలుకల్లో చూశారు. ఎమ్‌డీఎమ్2 లేని పిండాలు చనిపోయాయి. పీ53ని కూడా తీసేస్తే బతికాయి.

క్యాన్సర్‌కు ఇక్కడ చాలా దారులున్నాయి. కొవ్వు కణజాలంలో పుట్టే కొన్ని లైపోసార్కోమాల్లో ఎమ్‌డీఎమ్2 జన్యువు ప్రతులు విపరీతంగా పెరుగుతాయి. తూములు ఎక్కువైపోతాయన్నమాట. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది హీలా కణాల సంగతి. హెన్రియెటా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి 1951లో తీసిన ఆ కణాల్లో పీ53 జన్యువు చెక్కుచెదరలేదు. అయినా ప్రోటీన్ నిలవదు. లోపలున్న హెచ్‌పీవీ 18 వైరస్ తాలూకు ఈ6 ప్రోటీన్, కణంలోదే అయిన ఈ6ఏపీ అనే మరో ఎంజైమ్‌ను తోడు తెచ్చుకుని పీ53కి యుబిక్విటిన్ తగిలిస్తుంది. తూమును వదిలేసి కట్టకే గండి కొట్టడం ఇది.

దీనికి పూర్తి విరుద్ధమైనదీ ఉంది. జన్యువులో మార్పు వచ్చిన చాలా ట్యూమర్లలో పీ53 కుప్పలుగా పేరుకుంటుంది. పాడైన పీ53 ఎమ్‌డీఎమ్2ను సరిగా పుట్టించలేదు, తనను తుడిచేవాళ్లు లేక నిలిచిపోతుంది. చెరువు నిండుగానే ఉంటుంది, నీళ్లే పనికిరావు. 1979లో దొరికిన ఈ ప్రోటీన్‌ను పదేళ్లపాటు క్యాన్సర్ తెచ్చేదిగా పొరబడ్డారంటే, మొదట చేతికొచ్చిన ప్రతులు పాడైనవి కావడమే ముఖ్య కారణం.

మందుల సంగతి చెప్పి ముగిస్తాను. 2004లో వచ్చిన నట్లిన్లు ఎమ్‌డీఎమ్2లో పీ53 కూర్చునే గుంటలో తాము కూర్చుంటాయి. పీ53 బాగున్న ట్యూమర్లలోనే వాటి పని. హీలాలో గండి వేరేచోట ఉంది, అక్కడ లాభం తక్కువ. పైగా ఈ రకం మందులు ఎముక మజ్జలోనూ తూము మూసేస్తాయి, రోగికి ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డోసు దగ్గర డాక్టర్లకు టెన్షన్ అంతా అక్కడే. ఇక మీ ప్రశ్నలు అడగండి.