చింతగింజల సీసా

అందరికీ నమస్కారం.

భోజనాల తర్వాతి గంట నాకు ఇచ్చారు. అంటే మీ నిద్రతో పోటీ పడమన్నారన్నమాట. ఇరవై ఏడేళ్ళు ఒకటి, రెండు తరగతుల పిల్లలతో ఇదే వేళకు ఇదే పోటీ పడ్డాను. ఎన్నిసార్లు ఓడానో లెక్క లేదు. కాబట్టి ఎవరికైనా కన్ను మూతపడితే మొహమాటపడకండి.

మీరంతా ఈ మధ్యే ప్రాథమిక బడులలో చేరినవాళ్ళు. తరగతిలో మన సంస్కృతి గురించి చెప్పండి అనే మాట మీకు ఇప్పటికే నాలుగైదు సమావేశాలలో వినబడి ఉంటుంది. నేను చేరిన కొత్తలో కూడా చెప్పారు. నాకు అర్థమైంది ఏమిటంటే, ఏడాదికి ఒకసారి పిల్లలకు పట్టు లంగాలు కట్టించి, బతుకమ్మ చుట్టూ నిలబెట్టి, ఫోటో తీసి పై అధికారులకు పంపడం. పూలు కూడా ప్లాస్టిక్‌వే కొన్నాను, వచ్చే ఏడాదికి పనికొస్తాయని.

ఆ పండుగ ముందు రోజు గోడకు చార్టు తగిలించి పూల పేర్లు చెబుతున్నాను. తంగేడు, బంతి, చామంతి, గునుగు. వెనక వరసలో ఒక పిల్ల పక్కపిల్ల చెవిలో ఏదో గొణిగింది. ఏడాదంతా నోరు విప్పని పిల్ల. 'మాట్లాడకు' అని గద్దించాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర పక్కపిల్ల చెప్పింది: "టీచర్, మీరు గునుగు అన్నది గునుగు కాదంట. సీతజడంట."

చూస్తే నిజమే. చార్టులో ఉన్నది కోడిజుట్టులా ముడతలు పడ్డ ఎర్రటి సీతజడ. గునుగు వేరు. చేలల్లో, బీళ్ళలో కలుపులా మొలుస్తుంది, తెల్లగా సన్నటి కంకిలా ఉంటుంది, దానికి రంగులు అద్ది బతుకమ్మలో పేరుస్తారు. రెండూ ఒకే జాతి మొక్కలే, అందుకే చార్టు వేసినవాళ్ళూ పొరబడ్డారు, నేనూ పొరబడ్డాను. ఆ పిల్ల నాయనమ్మ గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో పూలు అమ్ముతుంది. ఆ పిల్ల పూల బుట్టల మధ్య పెరిగింది. ఏడాదిలో ఒక్కసారి తనకు బాగా తెలిసిన విషయం తరగతిలోకి వస్తే, నేను నోరు మూయించాను.

మర్నాడు అందరి ముందు నా తప్పు ఒప్పుకొని, చార్టు మీద పేరు ఆ పిల్ల చేతనే దిద్దించాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. 'సీ'కి గుడిదీర్ఘం బదులు ఏదో పెట్టింది. దాన్ని నేను దిద్దలేదు. నాయనమ్మను కూడా బడికి పిలిచాను. ఆమె కుర్చీలో కూర్చోను అంది. నేల మీద కూర్చొని, "నాకేం వచ్చు టీచరమ్మా" అంటూనే పూలు ఎలా పేర్చాలో, ఏ పువ్వు ఎన్నాళ్ళు వాడకుండా ఉంటుందో గంటసేపు చెప్పింది. పిల్లలు కదిలితే ఒట్టు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. జవాబు పుస్తకంలో కాక పిల్లల ఇళ్ళలో ఉండే ప్రశ్నలు వెతకడం మొదలుపెట్టాను. పండుగలతో మొదలుపెడితే ఒక చిక్కు ఉంది. ఏ పండుగ పాఠం చెప్పినా తరగతిలో కొందరు అతిథులైపోతారు. మూసీకి దగ్గర బడి మాది. తెలుగు పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు, మహారాష్ట్ర నుంచీ ఒడిశా నుంచీ పనికి వచ్చినవాళ్ళ పిల్లలు, అందరూ ఉంటారు. అందరి ఇళ్ళలో ఉండేది ఏమిటి అని ఆలోచిస్తే తోచింది చింతపండు.

నల్లబల్ల మీద చింతచెట్టు బొమ్మ గీసి, మీ ఇంట్లో దీన్ని ఏమంటారు అని అడిగాను. చింతపండు, ఇమ్లీ, మరాఠీ పిల్లాడు చించ్ అన్నాడు, ఒడిశా పిల్ల తెంతుళి అంది. ఆ మాట వినడానికి గమ్మత్తుగా ఉందని తరగతంతా తెంతుళి తెంతుళి అని రోజంతా తిరిగారు. ఆ పిల్ల మొహం చూడాలి మీరు! దాంతో ఏం చేస్తారు అంటే, పచ్చిపులుసు, చారు, బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, ఖట్టీ దాల్. ఒకడు ఇత్తడి బిందె తోముతారు అన్నాడు. వాడికి చప్పట్లు కొట్టించాను, నాకే తట్టలేదు అది.

తర్వాత లెక్కలు. వామనగుంటల పలకలో వరసకు ఏడు చొప్పున రెండు వరసలు, పద్నాలుగు గుంటలు. గుంటకు ఐదేసి గింజలు వేయండి అన్నాను. ఒక పిల్ల లేచి, మా అమ్మమ్మ నాలుగే వేస్తుంది అంది. అరగంట గొడవ. ఐదేసి వేస్తే డెబ్బై కావాలి, నాలుగేసి అయితే యాభైఆరు, మిగిలేవి పద్నాలుగు. ఆ తేడా సరిగ్గా గుంటకొకటి ఎందుకు వచ్చిందో వాళ్ళలో వాళ్ళే కనిపెట్టారు. ఎక్కం చెప్పించి ఉంటే ఇది జరిగేది కాదు.

ఇక్కడ నేను చేసిన ఇంకో పొరపాటు చెప్పాలి. రేపు అందరూ ఇంటి నుంచి గింజలు తీసుకురండి అన్నాను. ఒక పిల్లవాడు మర్నాడు బడికి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, వాళ్ళు కొట్లో గింజ తీసిన చింతపండు చిన్న పొట్లం కొంటారు, గింజలు ఎక్కడివి? అడిగితే అమ్మ తిట్టింది, టీచర్ తిడుతుందని వాడు ఆగిపోయాడు. ఊరికే దొరికే వస్తువు కదా అని మనం అనుకునేది కూడా అందరికీ ఊరికే దొరకదు. అప్పటి నుంచి సీసా నిండా గింజలు నా బల్ల మీదే పెట్టుకున్నాను. ఏదీ ఇంటి నుంచి తెమ్మనలేదు, కబుర్లు తప్ప.

ఆ కబుర్లకు సమయం ఎక్కడిది అంటారు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక తరగతిలో ముప్పై మందికి ఒక టీచరు. అందరికీ కాకపోతే రోజుకు ఇద్దరికి ఐదేసి నిమిషాలు ఇవ్వండి, పదిహేను బడి రోజుల్లో తరగతి ఒక చుట్టు పూర్తవుతుంది. పేరు సరిగ్గా పలకడంతో మొదలుపెట్టండి. నేను ఒక పిల్లవాడి పేరును రెండు నెలలు తప్పుగా పిలిచాను, వాడు పాపం ఆ తప్పు పేరుకే పలికాడు.

చింతపండు పాఠం చివర ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరకు తీసుకెళ్ళాను. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు కింద నిలబడి చెప్పాను: మన తరగతిలో ముప్పై మందిమి, నూటయాభై అంటే ఇలాంటి తరగతులు ఐదు. ఒకడు వేళ్ళు లెక్కపెట్టుకొని, "అంటే ఒకటి నుంచి ఐదు దాకా, మన బడంతా టీచర్!" అన్నాడు. అందరూ తలలెత్తి కొమ్మల వైపు చూశారు. ఎవరు ఏ కొమ్మ మీద కూర్చోవాలో పంచుకోవడం మొదలైంది. తెంతుళి పిల్లకు అన్నిటికంటే పై కొమ్మ ఇచ్చారు. ఒకటో తరగతి వాళ్ళు చిన్నవాళ్ళు కాబట్టి మధ్యలో, లావు కొమ్మ మీద. నాకు చోటు మిగల్లేదు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారని, గండిపేట చెరువు 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయని చెప్పాను, కానీ అప్పటికి వినేవాళ్ళు ఎవరూ లేరు, అందరూ కొమ్మల మీద ఉన్నారు.

సిలబస్ ఎప్పుడు అవుతుంది అని ఒక తండ్రి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 2022 నుంచి మన ప్రభుత్వ బడులలో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఇంగ్లిష్ రాకపోతే పిల్లవాడు వెనకబడతాడని తండ్రి భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. వారి ముందే పిల్లవాడి చేత ఇంగ్లిష్‌లో గింజలు లెక్కపెట్టించాను. ముప్పై దాకా లెక్కపెట్టి, అక్కడి నుంచి తెలుగులోకి దిగాడు. తండ్రి నవ్వాడు కానీ పూర్తిగా ఒప్పుకోలేదు. ప్రతి తల్లినీ తండ్రినీ ఒప్పించగలనని నేను మీకు మాట ఇవ్వలేను.

సరే, ఆ మూల సంచిలో ఆరు వామనగుంటల పలకలు, ఆ పాత సీసా తెచ్చాను. నలుగురేసి కూర్చోండి, ఇద్దరు ఆడండి, ఇద్దరు చూడండి. నాలుగు గింజలా ఐదా అన్నది మీలో మీరే తేల్చుకోండి. మోకాళ్ళు వంగనివాళ్ళు నాతోపాటు ఈ బల్ల దగ్గరకు రండి. సీసాలో గింజలు మాత్రం లెక్కపెట్టి తిరిగి ఇవ్వాలి, రేపు పిల్లలకు కావాలి.