హీటర్ మీద పెట్టిన రికార్డు

అందరికీ నమస్కారం. ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీదున్న పెద్దలకూ, పొద్దున్నే లేచి పులిహోర కలిపినవాళ్ళకూ, పిల్లల డాన్సులకి బట్టలు కుట్టినవాళ్ళకూ, ఆదివారం పూట మనకీ హాలు ఇచ్చినవాళ్ళకూ, మైకు సర్దిన తమ్ముడికీ... ఎవరినైనా మర్చిపోతే ఉగాది పచ్చడిలో వేపపువ్వు అనుకుని సర్దుకోండి.

నాకిచ్చిన విషయం 'హాంబర్గ్‌లో మన జీవితం'. వీసా తిప్పలు, అద్దె ఇల్లు, కిండర్‌గార్టెన్‌లో సీటు. ఇవి నాకంటే మీకే బాగా తెలుసు. ఇంటి కోసం నేను పడ్డ పాట్లయితే పోయినేడాది ఇదే మైకులో ఇరవై నిమిషాలు చెప్పాను. అందుకని ఈసారి ఒక గ్రామఫోన్ రికార్డు గురించి మాట్లాడతాను. కార్యదర్శిగారూ, అలా చూడకండి. అది హాంబర్గ్ రికార్డే.

మీలో చాలామంది ఊరి నుంచి వచ్చిన చుట్టాల్ని, రాత్రి సరదాలకి పేరుపడ్డ రేపర్‌బాన్ వీధికి తీసుకెళ్ళి ఉంటారు. పగటిపూటే లెండి. అక్కడ బీటిల్స్ పేరు పెట్టిన కూడలి, బీటిల్స్‌ప్లాట్జ్ ఉంది కదా, 2008లో కట్టారు. 29 మీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రటి చోటు, నల్లగా, రికార్డులా కనబడేటట్టు రాళ్ళు పరిచారు. లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్ వాళ్ళు 1960 నుంచి 62 దాకా ఈ ఊళ్ళోనే రాత్రంతా వాయించి వాయించి చెయ్యి తిరిగినవాళ్ళయ్యారు, నిజమే. కాదనను. కానీ ఈ ఊళ్ళో అన్నిటికంటే పెద్ద రికార్డు లివర్‌పూల్ కుర్రాళ్ళది! మరి ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళోనే గిటార్లు అరగదీసినవాళ్ళకి ఏముంది?

వాళ్ళ పేరు ఐరన్ ఏంజెల్. మొదట్లో మెటల్ గాడ్స్ అని పెట్టుకుని తర్వాత మార్చుకున్నారు. 1985లో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చింది, 'హెలిష్ క్రాస్‌ఫైర్'. పది పాటలు, వైపుకి ఐదు. అంతా కలిపి నలభై నిమిషాలు కూడా ఉండదు. పాడింది డిర్క్ ష్రోడర్. ఇద్దరు గిటార్లు, ఒక బేస్, ఒక డ్రమ్ములు. రాక్ సంగీతంలో ఈ రకాన్ని స్పీడ్ మెటల్ అంటారు.

స్పీడ్ అంటే ఊరికే తొందర కాదండీ. గిటార్ వాయించేవాడు కుడి అరచేతి అంచుని తీగల చివర ఆనించి, మోత సగంలో నొక్కేసి, తీగలు మీటే పుల్లని పైకీ కిందికీ ఆగకుండా ఆడిస్తాడు. తీగ మోగదు, దడదడలాడుతుంది. కింద డ్రమ్ములవాడు రెండు కాళ్ళతో రెండు పెడళ్ళు తొక్కుతూ పెద్ద డ్రమ్ము ఆగకుండా కొడతాడు. మా నాన్నగారు రాజమండ్రిలో కచేరీలకి మృదంగం వాయించేవారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి ఇది వినిపించాను. చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేసింది. రెండు పాటలయ్యాక హెడ్‌ఫోన్లు తీసి, "తాళం తప్పలేదురా. కానీ వెనకాల ఎవడో తరుముతున్నాడు" అన్నారు. కాళ్ళతో వాయిస్తారని చెబితే నమ్మలేదు. వీడియో చూపించాక, "కాళ్ళు ఇంత పని చేస్తుంటే చేతులకి జీతమెందుకు" అన్నారు. ఈ సంగీతం మీద అంతకంటే మంచి సమీక్ష నేనింకా చదవలేదు.

ఈ వేగానికి దారి వేసింది సోలింగెన్ వాళ్ళు. కత్తులకి పేరుపడ్డ ఊరు, మీ వంటింట్లో చాకు మీద చూడండి, ఆ పేరు ఉంటుంది. అక్కడి ఆక్సెప్ట్ బృందం 1982లో ఒక పాట చేసింది. మొదలవగానే ముసలివాళ్ళు బీరు తాగుతూ పాడుకునే జర్మన్ జానపదం గరగరమనే పాత రికార్డు మీద వస్తుంది. హాయిగా ఉంటుంది. ఉన్నట్టుండి ముల్లు జర్రుమని గీరుకుంటుంది, గాయకుడు ఉడో డిర్క్‌ష్నైడర్ గొంతు చించుకుని ఒక్క కేక పెడతాడు, ఇక డ్రమ్ములు ఆగవు. తాతల పాట మీద మనవళ్ళు ముల్లు గీశారు. మూడేళ్ళు తిరిగేసరికి దేశమంతా ఆ కేకే. ఎస్సెన్‌లో క్రియేటర్, గెల్సెన్‌కిర్షెన్‌లో సోడమ్, మన ఊళ్ళో రన్నింగ్ వైల్డ్, హెలోవీన్.

మరి మన ఐరన్ ఏంజెల్ వాళ్ళెందుకు మరుగున పడ్డారంటే, నా లెక్క నాకుంది. క్రియేటర్ అంత మోటుగా లేరు, హెలోవీన్ అంత తీపిగానూ లేరు. మధ్యలో ఉన్నవాడిని ఎవరూ భోజనానికి పిలవరు. 1986లో రెండో ఆల్బమ్‌లో పదును తగ్గించి రాగం పెంచారు. మొదటివాళ్ళకి నచ్చలేదు, కొత్తవాళ్ళు రాలేదు. 1987లో హెలోవీన్ కొత్త గాయకుడితో పెద్ద పెద్ద పల్లవులు అందుకుంది, హాంబర్గ్ అంటే ఇక అదే అయింది. ఐరన్ ఏంజెల్ విడిపోయింది. మూడో ఆల్బమ్ 2018లో! 32 ఏళ్ళు. ఏళ్ళ తరబడి వాయిదాలు పడ్డ మన బెర్లిన్ విమానాశ్రయమే నయం.

ఇంతకీ నాకెలా తెలుసంటారా? ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళి తెలుసుకున్నాను. ఆల్టోనాలో మా కింద వాటాలో ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు, రిటైరయ్యాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేల అదురుతోంది. ఆదివారం ఇక్కడ గోడకి మేకు కొట్టినా తప్పే కదా! మైకు సెట్ల మధ్య, శ్రీరామనవమి పందిట్లో పెరిగిన నేను జర్మనీవాడికి నిశ్శబ్దం గురించి చెప్పడానికి మెట్లు దిగాను. ఆయన తలుపు తీసి, క్షమించమని, సౌండ్ తగ్గించి, "మీకు సంగీతం ఇష్టమా?" అని లోపలికి పిలిచాడు. మోగుతున్నది ఆ 'హెలిష్ క్రాస్‌ఫైర్' రికార్డే. దాని అట్ట వెనక బాల్ పెన్నుతో ఒక ఫోన్ నంబరు, పక్కన ఒక బీరు గ్లాసు బొమ్మ. ఆయన వాళ్ళని 85లో ఈ ఊళ్ళోనే విన్నాడట. వెళ్ళేటప్పుడు రికార్డు నా చేతిలో పెట్టి, "నువ్వు తీరిగ్గా విను" అన్నాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఈ దేశంలో దానికి ఎన్నేళ్ళు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

జనవరి నెల. ఇంటికొచ్చి కిటికీ కింద చదునుగా ఉంది కదా అని అక్కడ పెట్టాను. అది హీటర్. రాత్రంతా ఐదో నంబరు మీద, అంటే నిండు వేడి మీద ఉంది.

పొద్దున చూస్తే అంచు అప్పడంలా లేచింది. ప్లేయర్ మీద పెడితే ముల్లు గోదాట్లో పడవలా ఎగిరెగిరి పడుతోంది. వంగింది అంచే కాబట్టి ఒక్కో వైపున మొదటి పాట పోయింది. 'ది మెటాలియన్' పోయింది, వెనకవైపు 'రష్ ఆఫ్ పవర్' పోయింది. మిగతా ఎనిమిదీ పలుకుతున్నాయి. తీసుకెళ్ళి చూపించాను. ఆయన రికార్డుని కళ్ళకి సమానంగా పట్టుకుని, తిప్పి చూసి, "మీరు ఇంజనీరు కదా?" అన్నాడు. మళ్ళీ 'మీరు'! పదకొండు వారాలు మెట్ల మీద 'మీరు'.

ఆ టెన్షన్‌లో నేను తిరగని పాత సామాన్ల సంత లేదు. వానలో గొడుగేసుకుని అట్టపెట్టెల్లో వేళ్ళు ఆడించీ ఆడించీ గోళ్ళలో మట్టి. చివరికి ఏప్రిల్లో ఒక పెట్టె అడుగున దొరికింది, అదే 1985 ముద్రణ. బేరం కూడా ఆడలేదు. మా ఆవిడ అక్కడే ఉంది, కావాలంటే అడగండి, ధర మాత్రం అడక్కండి.

తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన అట్ట తిప్పి వెనక చూశాడు. ఖాళీగా ఉంది. ఫోన్ నంబరు లేదు, బీరు గ్లాసు లేదు. "మంచి కాపీ. కానీ ఇది నాది కాదు. నువ్వే ఉంచుకో" అన్నాడు. నేను విన్నది ఆ 'నువ్వు' ఒక్కటే.

కార్యదర్శిగారు చీటీ పంపారు, రెండు నిమిషాలట. మంచిది. రికార్డు తెచ్చాను, ప్లేయర్ అదిగో కర్టెన్ వెనక ఉంది. తమ్ముడూ, మైకు దాని స్పీకర్ దగ్గర పెట్టు, సౌండ్ కాస్త ఎక్కువే పెట్టు, ఎవరైనా ఫిర్యాదుకి వస్తే లోపలికి పిలుద్దాం. పులిహోర దగ్గరున్నవాళ్ళు ఒక్క పాట ఆగండి. పిల్లలూ, తాళం వెయ్యండి, ఎవరు చివరిదాకా వేస్తారో చూస్తాను. మొదటి పాట నుంచే పెడుతున్నాను.