కీమో మతిమరుపు స్కాన్‌లో దొరుకుతుందా? స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. క్యాన్సర్‌కి కీమో మందులు తీసుకున్నవాళ్లలో కనిపించే మతిమరుపునే ‘కీమో బ్రెయిన్’ అంటున్నారు. హైదరాబాద్‌లో ‘కీమో బ్రెయిన్ స్కాన్’ ప్యాకేజీల ప్రకటనలు మోతమోగుతున్నాయి. సూటిగా అడుగుతున్నా, ఇది వ్యాపారమా, కాదా?

రేడియాలజిస్టు: ముందు ఆ మిషన్ ఏం చూస్తుందో చెప్పనివ్వండి. ఫంక్షనల్ ఎంఆర్ఐ, అంటే మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్, చూసేది నాడీకణాల్ని కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పుని. 1990లో జపాన్ శాస్త్రవేత్త ఒగావా చూపించింది అదే. సిగ్నల్‌లో తేడా ఒకటి నుంచి మూడు శాతం, అంతే. తల రెండు మూడు మిల్లీమీటర్లు కదిలిందా, ఆ కాస్తా గల్లంతే.

ఆంకాలజిస్టు: కీమోలో ఉన్నవాళ్లకి హిమోగ్లోబిన్ పడిపోతుంది. అప్పుడా సిగ్నలే మారిపోతుంది కదా...

రేడియాలజిస్టు: అక్కడికే వస్తున్నా సార్, ఒక్క నిమిషం...

యాంకర్: అంటే జనం డబ్బు దండగేనా?

రేడియాలజిస్టు: దండగ అనలేదండీ! కీమోకి ముందొకటి, తర్వాతొకటి తీయాలి. అదే మిషన్, అవే సెట్టింగులు. రెండు సెకన్లకో బొమ్మ చొప్పున 10 నిమిషాలకు 300. ముందుది లేకుండా తర్వాతది చూసి ఏం చెప్తాం?

సైకాలజిస్టు: కొందరికి కీమో మొదలవకముందే జ్ఞాపకశక్తి పరీక్షల్లో స్కోరు తక్కువుంటోంది. పైగా ఒక భాగం ఎక్కువ వెలిగితే మంచిదా, చెడ్డదా? అదే పనికి మెదడు ఎక్కువ కష్టపడుతుండొచ్చు...

రేడియాలజిస్టు: మేడమ్, వెలగడమంటే లెక్కలు కట్టి వేసిన రంగు. 2009లో చచ్చిన సాల్మన్ చేపని మిషన్‌లో పెట్టారు. వేల చుక్కల్ని ఒకేసారి పరీక్షిస్తే కొన్ని యాదృచ్ఛికంగా వెలుగుతాయి; ఆ లెక్క సరిదిద్దకపోతే దాని మెదడూ వెలిగింది!

యాంకర్: (నవ్వుతూ) చేపకీ ప్యాకేజీ అమ్మారా?

ఆంకాలజిస్టు: పెట్ స్కాన్‌కీ తిప్పలే. అందులో ట్రేసర్, అంటే రేడియోధార్మిక చక్కెర ఎక్కించి, మెదడు దాన్ని ఎక్కడ పీల్చుకుందో చూస్తారు. కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ షుగర్ పెంచుతుంది. షుగర్ 200 దాటితే ట్రేసర్ మెదడుకి సరిగా ఎక్కదు. ఇంజెక్షన్ చేశాక మసక వెలుతురు గదిలో మాట్లాడకుండా పడుకోవాలి. ఫోన్ చూస్తూ కూర్చుంటే చూపుకి సంబంధించిన భాగం ఎక్కువ పీల్చుకుంటుంది.

యాంకర్: ఆగండి, ఫోన్! అసలీ మతిమరుపంతా ఫోన్ల వల్లేనేమో?

సైకాలజిస్టు: ఫోన్ గొడవ కాదండీ. ముందు నిద్ర, థైరాయిడ్, రక్తహీనత, డిప్రెషన్ చూడాలి. అంకెలు వెనక్కి చెప్పించే పరీక్షకి టేబులూ కుర్చీ చాలు. చదువురాని వాళ్లకి తెలుగులో...

రేడియాలజిస్టు: అవన్నీ సరే! మెదడు కణితి ఆపరేషన్‌కి ముందు మాట పలికించే భాగం ఎక్కడుందో చూపేది ఈ స్కానే కదా?

ఆంకాలజిస్టు: కణితి పక్కన రక్తనాళాల స్పందన దెబ్బతింటే, పనిచేసే భాగమూ ఖాళీగా కనిపిస్తుంది. సర్జన్ అది నమ్మి కోస్తే?

రేడియాలజిస్టు: అందుకేగా ఊపిరి బిగబట్టించి మళ్లీ తీసేది! స్పందన లేని చోటు అందులో బయటపడుతుంది.

యాంకర్: అయితే ముందొకటి, తర్వాతొకటి తీయించుకుంటే మేలన్నమాట.

ఆంకాలజిస్టు: ఎవరన్నారండీ? గ్రూపుకీ గ్రూపుకీ తేడా చూపించొచ్చు. ఒక మనిషి స్కాన్ చూసి ‘మీకు కీమో బ్రెయిన్’ అని రిపోర్టు రాయడానికి...

యాంకర్: టైమైపోయింది సార్. వ్యాపారమా కాదా, ఒక్క ముక్కలో?

రేడియాలజిస్టు: ఒక్కటి చెప్పనివ్వండి! రొమ్ము ఆపరేషన్‌లో ఎక్స్‌పాండర్, అంటే చర్మాన్ని సాగదీసే సంచి, పెట్టించుకున్నవాళ్లు ముందే చెప్పాలి. కొన్నింటి పోర్టులో, అంటే ద్రవం ఎక్కించే చోట, అయస్కాంతం ఉంటుంది, మిషన్ లాగితే...

(అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బ్రేక్.)