చిన్న విమానంలో గర్భిణి ప్రయాణం

సభకు నమస్కారం.

కోనసీమలో ముప్పై ఏళ్లుగా కాన్పులు చేస్తున్నదాన్ని. నెలలు నిండుతున్న అమ్మాయిని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించవచ్చా, గతుకుల ఏటిగట్టు మీద ఆటోలో పుట్టింటికి పంపవచ్చా అని అడిగితే తడుముకోకుండా చెప్పగలను. నిరుడు డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, "అత్తయ్యా, నా భార్యకి ఆరో నెల. నేను నడిపే నాలుగు సీట్ల సెస్నాలో గంట దూరం తీసుకెళ్లవచ్చా?" అన్నప్పుడు మాత్రం వారం రోజులు గడువు అడిగాను. ఆ వారంలో చదివి, విమానం నడిపేవారిని అడిగి తెలుసుకున్నదే ఈ సాయంత్రం మీ ముందు ఉంచుతున్నాను.

అందరికీ మొదట కలిగేది ఎత్తు భయం. నిజానికి పెద్ద విమానం 35 వేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా, లోపలి గాలి ఒత్తిడి దాదాపు 6 నుంచి 8 వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. సెస్నా 172 వంటి చిన్న విమానంలో ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేకపోయినా, అది 3 నుంచి 5 వేల అడుగుల్లోనే వెళ్తే అందులో తల్లి పీల్చే గాలి పెద్ద విమానంలోని గాలి కంటే చిక్కగానే ఉంటుంది. పైగా గర్భంలోని బిడ్డ హిమోగ్లోబిన్ తక్కువ ఒత్తిడిలో కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే రకం. అయితే తల్లికి రక్తం తక్కువగా ఉంటే ఈ లెక్క మారుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, నేను మా వాణ్ణి మొదట అడిగింది ఆ అమ్మాయి రక్తపరీక్ష కాగితమే.

నన్ను నిజంగా కలవరపెట్టినది విమానంలోని హీటర్. ఇంజన్ సైలెన్సర్ చుట్టూ ఉన్న రేకు తొడుగులో వేడెక్కిన గాలినే చలికాలంలో లోపలికి పంపుతారు. సైలెన్సర్‌కు సన్నని పగులు వచ్చినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఆ గాలితో కలిసి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. అది మాయ దాటి బిడ్డ రక్తంలో చేరుతుంది. తల్లి రక్తం నుంచి పోయిన తరువాత కూడా బిడ్డ రక్తంలో చాలాసేపు నిలుస్తుంది. తల్లికి కాస్త తలనొప్పి, మగతగా అనిపిస్తే కడుపుతో ఉండటం వల్లేనని సరిపెట్టుకుంటారు, అక్కడే మోసం జరుగుతుంది. కనుక ఆ వాయువు చేరగానే మోత మోగించి హెచ్చరించే పరికరం విమానంలో లేకపోతే ఎక్కించవద్దన్నాను. ఈ విమానాల్లో పోసే పెట్రోలులో సీసం కలుస్తుంది కాబట్టి ఇంధనం నింపేటప్పుడు అమ్మాయి దూరంగా నిలబడాలి.

ఇక కూర్చోవడం. ముందు సీటులో ఇద్దరి ముందూ స్టీరింగ్ వంటి పట్టు ఉంటుంది. దిగేటప్పుడు పైలట్ తన పట్టును వెనక్కి లాగితే రెండోది కూడా అంతే వెనక్కి, అమ్మాయి పొట్ట మీదికి వస్తుంది. ఆమెను కూర్చోబెట్టి, సీటు వెనక్కి జరిపి, ఆ పట్టు చివరిదాకా అడ్డం లేకుండా కదులుతోందో లేదో నేల మీదే చూసుకోవాలి. బెల్టు పట్టీ పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా, భుజం పట్టీ రొమ్ముల నడుమ నుంచి పొట్ట పక్కగా రావాలి. పొట్టకు ఒత్తిడి అని బెల్టు వదులు చేయడం అన్నిటికన్నా ప్రమాదం. విమానానికి బరువు లెక్క తప్పనిసరి కాబట్టి ఆ రోజు బరువు ఆ రోజే తూచాలి. బరువు చెబితే దిష్టి తగులుతుందనే మన పెద్దమ్మలు ఇక్కడ కాస్త క్షమించాలి.

మధురపూడి విమానాశ్రయం నుంచి మే నెల మధ్యాహ్నం అంతర్వేది వైపు ఎగురుతున్నట్లు ఊహించుకోండి. కాగిన ఇసుకతిన్నె మీద గాలి విమానాన్ని పైకి ఎత్తుతుంది, పక్కనే పాయ మీదికో రొయ్యల చెరువుల మీదికో రాగానే అది కిందికి జారుతుంది. వేవిళ్లు తగ్గిన అమ్మాయికి కూడా ఈ కుదుపులకు వాంతులు మళ్లీ మొదలవుతాయి. డాలస్ ఎండకూ ఇదే వర్తిస్తుంది కనుక పొద్దున్నే బయలుదేరమన్నాను. శబ్దానికి తల్లికి హెడ్‌సెట్ ఉంటే చాలు.

ఒక్క బిడ్డ అయితే 36 వారాల దాకా, కవలలైతే 32 దాకా ప్రయాణం ఫరవాలేదని పెద్ద విమానాల వారు సాధారణంగా అనుసరించే లెక్క. చిన్న విమానంలో సాయానికి సిబ్బంది ఉండరు, నడిపేవాడు చేయి వదలలేడు, దిగిన చోట ఆస్పత్రి ఉండకపోవచ్చు. అందుకే 28 వారాలు దాటాక వద్దని నా సొంత అభిప్రాయం. రక్తస్రావం, బీపీ, మాయ కిందికి ఉండటం, మునుపు నెలలు నిండకుండా కాన్పు కావడం వంటివి ఉంటే ఏ నెలలోనూ వద్దు.

మా వాడు ఇవన్నీ విని, మొదటి శనివారం గాలి ఎక్కువగా ఉందని మానేశాడు. రెండో శనివారం ఉదయం ఏడింటికి బయలుదేరి, అరగంటకే దారిలోని చిన్న విమానాశ్రయంలో దిగాడు. ఏమైందోనని నేను కంగారుపడి అడిగితే అమ్మాయే ఫోన్ అందుకుంది. "ఏమీ లేదు అత్తయ్యా, బాత్రూమ్‌కి" అంది.